తేలని కేసు ఎవరు మోయాలి?

వాది: తేలని కేసు దానంతట అది తేలదు. ఎవరో ఒకరు పట్టుకుని వేలాడాలి. పాల్ హోల్స్‌నే చూడండి. 1990లో కాలిఫోర్నియాలోని కాంట్రా కోస్టా కౌంటీ షెరీఫ్ క్రైమ్ ల్యాబులో చేరిన కుర్రాడు. 1994లో అక్కడ ఒక బీరువాలో ‘ఈఏఆర్’ అని రాసి ఉన్న పాత ఫైళ్లు అతని కంటపడ్డాయి. ఈఏఆర్ అంటే ‘ఈస్ట్ ఏరియా రేపిస్ట్’. 1976 నుంచి 1979 దాకా సాక్రమెంటో చుట్టుపక్కల ఊళ్లకు నిద్ర లేకుండా చేసినవాడు. హోల్స్ చేతికి వచ్చేనాటికి ఆ ఫైళ్లు ఎవరి పనీ కావు. ఆ అత్యాచారాల మీద కేసు పెట్టడానికి చట్టం ఇచ్చిన గడువు కూడా దాటిపోయింది. అయినా అతను ఆ కేసును తన పనిగా చేసుకున్నాడు. 2018 మార్చిలో రిటైరయ్యేదాకా వదల్లేదు. ఆ మరుసటి నెల, ఏప్రిల్ 24న, ఆ నేరాలు చేసిన జోసెఫ్ డిఏంజెలో పట్టుబడ్డాడు. అలాంటి మనిషి లేకపోతే ఆ బీరువా ఇప్పటికీ మూసే ఉండేది.

ప్రతివాది: మీరు చెప్పింది సగం. మిగతా సగం ఆయనే 2022లో ‘అన్‌మాస్క్‌డ్’ అనే పుస్తకంలో రాసుకున్నాడు. మొదటి పెళ్లి నిలవలేదు. ఇంట్లో ఉన్నా మనసు ఇంట్లో లేదు. చూసిన శవాలు, చదివిన రిపోర్టులు రాత్రిళ్లు వెంటపడ్డాయి. మందు అలవాటు, ఆందోళన, కౌన్సెలింగ్, అన్నీ వచ్చాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మనవాళ్లు. ఈయన రచ్చ గెలిచాడు. సరే, అది ఆయన ఇష్టం అంటారేమో. ఆ భార్యా పిల్లలు ఏ కాగితం మీద సంతకం పెట్టారండీ? వాళ్లు పోలీసు ఉద్యోగానికి అప్లై చెయ్యలేదే.

వాది: చెయ్యలేదు. ఆ మాట కాదనను. కానీ తక్కెడలో రెండో పక్క ఏముందో కూడా చూడాలి కదా. ఆ దుర్మార్గుడు భార్యాభర్తలు నిద్రపోతుండగా వచ్చి కళ్లలోకి టార్చి లైటు వేసేవాడు. ఇద్దర్నీ కట్టేసేవాడు. వంటింట్లోంచి పళ్లాలు, కప్పులు తెచ్చి బోర్లా పడుకోబెట్టిన భర్త వీపు మీద పేర్చేవాడు. అవి కదిలిన చప్పుడు వినిపిస్తే ఇద్దర్నీ చంపేస్తానని బెదిరించి, ఆమెను పక్క గదిలోకి ఈడ్చుకెళ్లేవాడు. అత్యాచారాలు యాభై దాకా. 1986 దాకా చేసిన హత్యలు పదమూడు. ఆ తర్వాత ముప్పై రెండేళ్లు కూతుళ్లను పెంచుకుంటూ, ట్రక్కులు బాగుచేసే ఉద్యోగం చేసుకుంటూ, సాక్రమెంటో పక్కనే సిట్రస్ హైట్స్‌లో హాయిగా ఉన్నాడు. ఆ ఆడవాళ్లు నిద్ర లేకుండా గడిపిన రాత్రులు ఎవరు లెక్కపెట్టారు? ఒక పోలీసు నిద్ర గురించి మనం ఇంత బాధపడుతున్నామే!

ప్రతివాది: ఘోరాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. నా ప్రశ్న మామూలు ప్రశ్న. ఆయన నిద్ర పోకపోవడం వల్ల వాళ్లకు ఏం ఒరిగింది? కేసు తేల్చింది ఆయన నిద్రలేమి కాదు. 1980లో వెంచురాలో ఒక జంట వాడి చేతిలో హత్యకు గురైతే, ఆ శవపరీక్ష చేసిన డాక్టరుకు నమూనాల కిట్లు ఒకటికి రెండు తీసిపెట్టే అలవాటుంది. ఆ రెండోది కౌంటీ ఫ్రీజర్లో ముప్పై ఏడేళ్లు ఎవరూ ముట్టుకోకుండా ఉండిపోయింది. అందులోంచి డీఎన్‌ఏ తీసి, తమ వంశవృక్షం వెతుక్కునే మామూలు జనం వాడే జీఈడీమ్యాచ్ లాంటి వెబ్‌సైట్లలో పెట్టారు. బార్బరా రే-వెంటర్ అనే రిటైరైన పేటెంట్ లాయరు ఆ చుట్టరికాలు అల్లుకొచ్చింది. నాలుగు దశాబ్దాలు తేలనిది నెలల్లో తేలింది. ఇందులో ఒక డాక్టరు అలవాటు ఉంది, ఒక ఫ్రీజరు ఉంది, ఒక పెద్దావిడ ఓపిక ఉంది. సంసారాన్ని బలిపెట్టాల్సిన చోటు ఎక్కడుందో చూపించండి.

వాది: అన్నీ చెప్పారు గానీ, ఆ ఫ్రీజర్ తలుపు తట్టిందెవరో చెప్పలేదు. టెక్నాలజీ తనంతట తాను ఫైలు వెతుక్కుంటూ రాదండీ. 1990లలో తమ కౌంటీలో మిగిలిన పాత కిట్లు వెతికి బయటికి తీయించింది హోల్స్. రాష్ట్రానికి ఉత్తరాన అత్యాచారాలు చేసినవాడూ, దక్షిణాన జంటల్ని చంపినవాడూ ఒక్కడేనని 2001లో డీఎన్‌ఏ తేల్చింది ఆ పని వల్లే. అప్పటిదాకా అవి రెండు వేరు వేరు కథలు. ఆ తర్వాత పోలీసుల డేటాబేసులో వాడి నమూనా పెడితే ఏ ఏడాదీ జవాబు రాలేదు. వాడెన్నడూ జైలుకు వెళ్లినవాడు కాదు కాబట్టి రాదు కూడా. అక్కడితో ఆగిపోవడానికి మంచి కారణమే దొరికింది. ఆగనివాడు కాబట్టే, మామూలు పోలీసు పరీక్ష చూసే ఇరవై చోట్లు చాలవు, లక్షల చోట్లు పోల్చే వంశవృక్షాల పద్ధతి కావాలని ఎఫ్‌బీఐ లాయరుతో కలిసి ఆ దారి పట్టాడు.

ప్రతివాది: ఆ దారిలోనే, ఒక ఏడాది ముందు, 2017లో ఏం జరిగిందో కూడా చెప్పండి మరి. తండ్రి వైపు నుంచి వచ్చే వై క్రోమోజోమ్ పోలికతో వెతికి, ఆరెగాన్ రాష్ట్రంలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఉన్న డెబ్భై మూడేళ్ల ముసలాయన మీదికి వెళ్లారు. కోర్టు ఆర్డరు తెచ్చి ఆయన దగ్గర నమూనా తీసుకున్నారు. ఆయనకూ ఈ నేరాలకూ ఏ సంబంధమూ లేదు. అంతకు ముందు హోల్స్ స్వయంగా ‘వీడే’ అని గట్టిగా నమ్మిన మనుషులు కూడా ఉన్నారు. ఏళ్లు పట్టి ఒక్కొక్కణ్ణి తవ్వాడు. ఎవరూ కారు. పట్టుదల అని మీరంటున్నది చాలాసార్లు కళ్లకు గంతలు కడుతుంది. ఇన్నేళ్లు పెట్టిన మనిషికి ‘నేను పొరపాటు పడ్డాను’ అనడం కష్టమవుతుంది.

వాది: అది నిజం. ఒప్పుకుంటాను. కానీ ఆ మనుషులందర్నీ వదిలిపెట్టింది ఎవరు? వాళ్ల నమూనా కలవలేదని తెలియగానే ఫైలు మూసి ఇంకో పేరు మీదికి వెళ్లింది ఆయనే. ఆయన ల్యాబులో పుట్టి పెరిగిన పోలీసు. తన నమ్మకం కన్నా పరీక్ష ఫలితం పెద్దదని తెలిసినవాడు. ఒక్క నిర్దోషికి కూడా ఈ కేసులో శిక్ష పడలేదు.

ప్రతివాది: ఈ కేసులో పడలేదు. ఆ ల్యాబు క్రమశిక్షణ లేనిచోట ఏమవుతుందో మనకు తెలియనిదా? 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో ఉన్న ఫార్మసీ విద్యార్థినిని చంపేశారు. రాష్ట్రమంతా అట్టుడికింది. మరుసటి ఏడాది ఒక పేద కుర్రాణ్ణి పట్టుకొచ్చారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చిలో హైకోర్టు అతను నిర్దోషి అని విడుదల చేసింది. అప్పటికి అతని యౌవనంలో ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే గడిచిపోయాయి. ఎలాగైనా తేల్చాలనే తపన గొప్పదే. అది ఎవరి ప్రాణం మీదికి వస్తుందో ముందుగా తెలియదు.

వాది: మీరు రెండు వేరు వేరు సంగతుల్ని ఒకే గాటన కడుతున్నారు. ఇబ్రహీంపట్నంలో జరిగింది తొందర. పేపర్ల ఒత్తిడి, పైవాళ్ల ఒత్తిడి, త్వరగా ఒకణ్ణి చూపించాలనే ఆత్రం. తేలని పాత కేసు పట్టుకున్నవాడికి ఆ తొందర ఉండదు. అతన్ని ఎవరూ అడగరు, ఎవరూ గడువు పెట్టరు. పైగా ఆ కేసులో మీరు ఒకరిని మరిచిపోయారు. హైకోర్టు తీర్పు తర్వాత అసలు దోషి ఎవరో తేల్చమని అడుగుతూ తిరిగింది ఎవరు? ఆ అమ్మాయి తల్లి. కోర్టు ఆదేశంతో 2018 చివర సీబీఐ వచ్చేదాకా, వచ్చాక కూడా, ఆమె ఊరుకోలేదు. అక్కడ హోల్స్ లాంటి ఆఫీసరు లేడు కాబట్టి ఆ పని కన్నతల్లి మీద పడింది. పోలీసు ఆరింటికి ఫైలు మూసి ఇంటికి వెళ్లిపోతే ఆ బరువు మాయమైపోదండీ. ఇంకొకరి నెత్తికెక్కుతుంది. తేలని కేసుకు మూల్యం ఎవరో ఒకరు కట్టాల్సిందే. జీతం తీసుకునేవాడు కడితే ఎక్కువ న్యాయమా, బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు కడితే ఎక్కువ న్యాయమా?

ప్రతివాది: ఇప్పటిదాకా మీరన్నవాటిలో ఇది గట్టి మాట. దీనికి తేలిగ్గా జవాబు చెబితే నేను అబద్ధం ఆడినట్టే. ఆ బరువు ఆ తల్లి మొయ్యకూడదు. కానీ ఆమె భుజం మీంచి తీసి ఇంకొక ఒంటరి భుజం మీద పెట్టడం పరిష్కారం ఎలా అవుతుంది? ప్రభుత్వం ఉన్నది ఎందుకు? అదే కేసులో ఇంకో నిజం ఉంది. అప్పీలు ఇంకా నడుస్తుండగానే విజయవాడ కోర్టులో ఆ కేసు సాక్ష్యాలు ధ్వంసం చేసేశారని సీబీఐ వచ్చాక బయటపడింది. చివరికి 2019 డిసెంబరులో, పన్నెండేళ్ల తర్వాత, తెనాలిలో సమాధి తవ్వి మళ్లీ పోస్టుమార్టం చెయ్యాల్సి వచ్చింది. కాలిఫోర్నియాలో వాళ్లకు ఫ్రీజర్లో కిట్టు దొరికింది. మనకు సమాధి మిగిలింది. డీఎన్‌ఏ వేలిముద్రల విద్య మన దేశంలో వేళ్లూనుకున్నదే హైదరాబాదులో. సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ దాన్ని నిలబెట్టారు, డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీ అక్కడే ఉంది. విద్య పక్క ఊళ్లోనే ఉన్నా, పరీక్షించడానికి వస్తువు మిగల్లేదు. ఆ వస్తువును కాపాడటానికి హీరో అక్కర్లేదు. రిజిస్టరు సరిగ్గా రాసే గుమస్తా చాలు.

వాది: గుమస్తా రిజిస్టరు సరిగ్గా రాశాడో లేదో చూసేది ఎవరు? మీ వ్యవస్థ అన్నమాటే తీసుకుందాం. మన స్టేషన్లలో దర్యాప్తు అధికారి రెండేళ్లకో మూడేళ్లకో బదిలీ అవుతాడు. కేసు డైరీ కొత్తాయన చేతికి వెళుతుంది. ఆయనకు అప్పటికే బందోబస్తు, వీఐపీ డ్యూటీ, కొత్త కేసులు. కొన్నాళ్లకు ‘అన్‌డిటెక్టెడ్’ అని ఫైనల్ రిపోర్టు వేసి కట్ట కట్టేస్తారు. అందులో ఎవరి తప్పూ లేదు. అందరూ తమ పని తాము చేశారు, కేసు మాత్రం చచ్చింది. మన చట్టంలో హత్యకు, అత్యాచారానికి కేసు పెట్టే గడువంటూ లేదు. ఆ అత్యాచారాల విషయంలో కాలిఫోర్నియా వాళ్లకు దొరకని వెసులుబాటు అది. దాన్ని వాడుకోవడానికి మనకు ఏం తక్కువైంది? ఆ కట్ట విప్పి కూర్చునే మనిషి తక్కువయ్యాడు.

ప్రతివాది: ఆ మనిషి వచ్చి కూర్చుంటే ఏమవుతుందంటే, అతను ఉన్నాడు కదా అని వ్యవస్థ ఇంకా హాయిగా నిద్రపోతుంది. డిఏంజెలో ఎవరు? పోలీసు. 1973 నుంచి ఎగ్జిటర్ ఊళ్లో, 1976 నుంచి ఆబర్న్‌లో. ఆబర్న్‌లో యూనిఫాం వేసుకుంటూనే సాక్రమెంటోలో ఇళ్లలో చొరబడ్డాడు. 1979లో ఒక దుకాణంలో సుత్తి, కుక్కల్ని తరిమే మందు దొంగిలిస్తూ దొరికి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇళ్లలో చొరబడేవాడి కోసం చుట్టుపక్కల పోలీసులంతా గాలిస్తున్న రోజుల్లో ఒక పోలీసు ఆ రెండు వస్తువులు దొంగిలిస్తే ఎవరికీ చురుక్కుమనలేదు. అంతకు ముందు వైసేలియాలో ఇళ్లు దోచినవాడే ఈ ఈఏఆర్ అని అక్కడి డిటెక్టివులు చెప్పారు. సాక్రమెంటో వాళ్లు కొట్టిపారేశారు. దక్షిణాన కౌంటీలు ఒకదాని మాట ఒకటి వినలేదు. ఇన్ని ఆఫీసుల అహంకారానికి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడానికి జరిమానా ఎవరు కట్టారు? ఏళ్ల తర్వాత ల్యాబులో చేరిన ఒక కుర్రాడు, అతని ఇంటివాళ్లు. ఇందులో నాకు త్యాగం కన్నా దోపిడీయే ఎక్కువ కనిపిస్తోంది.

వాది: దోపిడీ అనాలంటే బలవంతం ఉండాలి. ఆయన్ని ఎవరు బలవంతపెట్టారు? చాలామంది మనుషులకు దొరకని వస్తువు ఆయనకు దొరికింది. తన బతుకు దేనికో తెలిసింది. మీరు దాన్ని జబ్బులా చూస్తున్నారు.

ప్రతివాది: జబ్బు అని నేననలేదు, డాక్టర్లన్నారు. ఆయనే రాసుకున్నాడు.

వాది: రాసుకున్నాడు, దాచుకోలేదు. అందుకు మెచ్చుకోవాలి. సరే, ఆయన ఉద్యోగం ఆఖరి రోజుల సంగతి చూద్దాం. డిఏంజెలో అనుమానితుల జాబితాలో ఉన్నాడు, రుజువు ఇంకా లేదు. హోల్స్ ఒక్కడే కారు వేసుకుని సిట్రస్ హైట్స్ వెళ్లి ఆ ఇంటి ముందు ఆపాడు. వెళ్లి తలుపు తట్టి, ‘మీ నమూనా ఒకటి ఇస్తే మీ పేరు కొట్టేస్తాం’ అని అడుగుదామా అనుకున్నాడు. అలా అడిగి ఎంతోమంది పేర్లు కొట్టేసిన అలవాటు ఉంది మరి. ఇరవై నాలుగేళ్ల ఆకలి ఆ గుమ్మం ముందు కూర్చుని ఉంది. ఆయన కారు తిప్పుకుని వెళ్లిపోయాడు. ఇది పిచ్చి పట్టినవాడు చేసే పనేనా?

ప్రతివాది: నేను అదే సంఘటన చదివి భయపడ్డాను. ఒక మాజీ పోలీసు, పదమూడు హత్యలు చేసి ఉండొచ్చని అనుమానం ఉన్నవాడు, ఇంట్లో తుపాకులు ఉండే అవకాశం ఉన్నవాడు. ఆ గుమ్మం ముందుకు రిటైరవబోతున్న మనిషి ఒంటరిగా ఎందుకు వెళ్లాడు? ఏ డ్యూటీ చార్టు వెళ్లమంది? ఆ రోజు తలుపు తట్టి ఉంటే ఆయన ప్రాణమైనా పోయేది, కేసైనా పోయేది. తట్టకపోవడం మీకు నిగ్రహంలా కనిపిస్తోంది. అసలు అక్కడిదాకా వెళ్లడమే ఆ కేసు ఆయన్ని ఎంత తినేసిందో చెబుతోంది. చివరికి పని జరిగింది పద్ధతిగానే. నిఘా బృందం ఒక దుకాణం పార్కింగులో అతని కారు డోర్ హ్యాండిల్ మీద నమూనా తీసింది. తర్వాత ఇంటి బయట చెత్త డబ్బాలోంచి ఒక టిష్యూ తీశారు. అది కలిసింది. ఒంటరి వీరుడు అక్కర్లేకుండానే ఆ పని అయింది.

వాది: ఆ నిఘా బృందానికి ఆ ఇంటి అడ్రసు ఇచ్చింది మీ ఒంటరి వీరుడి బృందమే అని కూడా గుర్తుంచుకుందాం.

ప్రతివాది: గుర్తుంది. అయితే ఇంకొకరినీ గుర్తుచేసుకోండి. మిషెల్ మెక్‌నమారా. పోలీసు కాదు, రచయిత్రి. ఈ హంతకుడికి ‘గోల్డెన్ స్టేట్ కిల్లర్’ అని పేరు పెట్టింది ఆమే. పగలంతా పసిపిల్ల పని, రాత్రంతా ఈ ఫైళ్లు. హోల్స్‌కు మంచి స్నేహితురాలు. 2016 ఏప్రిల్ 21న నిద్రలోనే పోయింది. నలభై ఆరేళ్లు. ఒంట్లో నిద్రమాత్రల లాంటివి, మెలకువ మందులు, నొప్పి మందులు కలిసి దొరికాయి. గుండె రక్తనాళాల జబ్బు కూడా ఉందని తెలిసింది. సగంలో ఉన్న పుస్తకాన్ని సహచరులు పూర్తి చేస్తే 2018 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ తర్వాత రెండు నెలలకు వాడు దొరికాడు.

వాది: ఆమె చావును కేసు ఖాతాలో వెయ్యడానికి నేను ఒప్పుకోను. మందులు ఎందుకు వాడిందో, గుండె ఎందుకు పాడైందో మీకూ నాకూ తెలియదు. కానీ ఆ ప్రస్తావన నన్ను ఇబ్బంది పెట్టిందని మాత్రం ఒప్పుకుంటాను. ఈ పని చేసేవాళ్లు తమను తాము కాపాడుకోవడం నేర్చుకోలేదు. నేర్పేవాళ్లూ లేరు. అది లోటే.

ప్రతివాది: ఆ లోటును మనం పుస్తకాలుగా, పాడ్‌కాస్టులుగా, సిరీసులుగా కొనుక్కుని చూస్తున్నాం. తాగే డిటెక్టివు, విడాకులైన డిటెక్టివు, గోడ మీద ఫొటోలూ ఎర్రదారాలూ. కుదురుగా ఇంటికెళ్లి పిల్లలకు లెక్కలు చెప్పే డిటెక్టివు కథ ఎవరు కొంటారు? మనకు కథ రక్తి కట్టాలంటే వాడి ఇల్లు కూలాలి. ఇంకో సంగతి. అమెరికాలో 1965 నుంచి తేలని హత్యలు మూడు లక్షలు దాటాయి. ఒక్కో డిటెక్టివు గుండెకు ఒక్కో కేసు తగులుతుంది. ఏ కేసు తగులుతుంది? మంచి పేటలో, సొంత ఇంట్లో, తెల్ల కుటుంబానికి జరిగిన ఘోరం తగిలినంత తొందరగా, ఊరి చివర దొరికిన పేరు లేని నల్ల అమ్మాయి శవం తగలదు. తపన మీద నడిచే న్యాయం ఎప్పుడూ మొహం చూసి బొట్టు పెడుతుంది.

వాది: ఆ మాట కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. తపన పక్షపాతం లేనిదని నేను చెప్పలేను. కానీ ఈ ఒక్క కేసులో వేసిన బాట మీదే తర్వాత వందల కేసులు నడిచాయి. హంతకుల్నే కాదు, ఏళ్ల తరబడి పేరు లేకుండా పూడ్చిపెట్టిన శవాలనూ ఆ పద్ధతితోనే గుర్తుపట్టారు. ఐడహో రాష్ట్రంలో ఇరవై ఏళ్లు జైల్లో మగ్గిన ఒక నిర్దోషికి 2019లో మచ్చ తొలగిందీ ఆ పద్ధతితోనే. ఒకడి మొండితనం వల్ల పుట్టిన విద్య పేరు లేనివాళ్లకూ అందింది.

ప్రతివాది: అందింది. దానికీ మూల్యం అడగనివాళ్లే కట్టారు. డిఏంజెలోకు ముత్తాతలకు ముందు తరాల్లో, 1800ల నాటి పెద్దల దగ్గర కలిసే దూరపు చుట్టాలు సరదాకి ఉమ్మి పరీక్ష చేయించుకుని వెబ్‌సైట్లలో పెట్టారు. పోలీసులు చూస్తారని వాళ్లకెవరూ చెప్పలేదు. గొడవయ్యాక 2019లో జీఈడీమ్యాచ్ రూలు మార్చింది, ఒప్పుకున్నవాళ్ల నమూనాలే పోలీసులకు చూపిస్తామంది. చూశారా, ఈ కథలో ప్రతి మలుపులోనూ ఒకరి తపనకు ఇంకొకరు లెక్క కడుతున్నారు. భార్య, పిల్లలు, ఆరెగాన్ ముసలాయన, ముక్కూమొహం తెలియని చుట్టాలు.

వాది: మీ జాబితాలో ఇంకో వరస చేర్చండి. 2020 ఆగస్టులో సాక్రమెంటో కోర్టులో మూడు రోజులు వరసగా బాధితులు నిలబడి మాట్లాడారు. డిఏంజెలో వీల్‌చైర్‌లో, ఏమీ చేతకాని ముసలాడిలా కూర్చున్నాడు. ప్రాసిక్యూటర్లు జైలు గదిలో తీసిన వీడియో బయటపెట్టారు. అందులో వాడు శుభ్రంగా తిరుగుతూ, ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. అత్యాచారాల మీద కేసు పెట్టే గడువు పోయింది కాబట్టి పదమూడు హత్యలు, పదమూడు అపహరణల కింద ఒప్పుకున్నాడు. కేసు పెట్టలేని మిగతా నేరాలూ వాడి నోటితోనే ఒప్పించారు. ఆగస్టు 21న చచ్చేదాకా జైలు అని తీర్పు వచ్చింది. నలభై ఏళ్లు ఎవరికీ చెప్పుకోని ఆడవాళ్లు వాడి మొహం మీద వాడి పేరు పెట్టి మాట్లాడారు. వాళ్లను అడగండి, హోల్స్ ఆరింటికి ఇంటికి వెళ్లి ఉండాల్సిందా అని.

ప్రతివాది: వాళ్లను నేను అడగను. అడిగే హక్కు నాకు లేదు. వాళ్లు ఏం చెబుతారో నాకు తెలుసు, వాళ్లు చెప్పేది న్యాయం కూడా. నేను అడిగేది ప్రభుత్వాన్ని. తేలని కేసులకు విడిగా ఒక బృందం పెట్టడానికి, ఒక్కొక్కరిని మూడేళ్లకు మించి అదే కేసు మీద ఉంచకుండా ఫైలు వివరంగా అప్పజెప్పించడానికి, కౌన్సెలింగ్‌ను ఏడాదికోసారి హెల్త్ చెకప్‌లా తప్పనిసరి చెయ్యడానికి అడ్డేమిటి?

వాది: మూడేళ్లకు ఒకరు మారితే ఆరేళ్ల కిందటి చిన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది? ల్యారీ క్రాంప్టన్ అని కాంట్రా కోస్టాలో ఒక పాత డిటెక్టివు ఉండేవాడు. రిటైరయ్యాక కూడా ఈఏఆర్ గురించే రాస్తూ కూర్చున్నాడు. ఆయన తలలో ఉన్నదంతా హోల్స్‌కు చెప్పాడు. కాగితం మీద లేనిది మనిషిలో ఉంటుంది. రొటేషన్ పెడితే ఆ మనిషే ఉండడు. అందుకే నా మాట మీద నేను నిలబడుతున్నాను. కౌన్సెలింగ్ ఇవ్వండి, సెలవు ఇవ్వండి, ఇంటివాళ్లను చూసుకోండి. కానీ వదలనివాణ్ణి వదలమని మాత్రం బలవంతపెట్టకండి. వాడు వదిలేస్తే ఆ బరువు మోసే తల్లి ఎక్కడో తయారుగా ఉంటుంది.

ప్రతివాది: మీరు ఆ తల్లి దగ్గరికే వచ్చారు కాబట్టి నేనూ అక్కడే నిలబడతాను. ఆమెకు కావాల్సింది తన కోసం ఇల్లు కూల్చుకునే పోలీసు కాదు. పన్నెండేళ్ల తర్వాత కూడా పరీక్షకు పనికొచ్చే ఒక సీలు వేసిన కవరు. 2019లో లోక్‌సభలో పెట్టిన డీఎన్‌ఏ బిల్లును 2023లో వెనక్కి తీసుకున్నారు. ఇప్పటికీ తేలని హత్య కేసులో నమూనా ఎవరు దాచాలి, ఎన్నేళ్లు దాచాలి, పారేస్తే ఎవరు జవాబు చెప్పాలి అన్నది దేశమంతటికీ వర్తించే ఒక్క చట్టంలో గట్టిగా రాసి లేదు. ముందు అది రాయండి. అప్పీళ్లన్నీ తేలేదాకా, హంతకుడు దొరికేదాకా సాక్ష్యం ముట్టుకోకూడదని, ముట్టుకున్నవాడి ఉద్యోగం పోతుందని రాయండి. ఏ పోలీసుకు నిద్ర పట్టాలి, ఏ పోలీసుకు పట్టకూడదన్న మన తగవు ఆ తర్వాత తీరిగ్గా తేల్చుకుందాం.